లేత్ పట్టే ప్రతివాడికీ తెలిసిన పనికి పేటెంటా?

ప్రశ్న: ‘పర్లాకిమిడి దగ్గర మాకు ఇత్తడి పాత్రల షెడ్డు ఉంది. లేత్ మీద తిరిగే బిందె ఎగిరిపోకుండా, ఎదుటి కొసన ఉండే టెయిల్‌స్టాక్‌తో నొక్కి పట్టే అమరికకి తమకు పేటెంట్ ఉందని, డబ్బు కట్టమని ఒకరు నోటీసు పంపారు. ఇంత మామూలు పనికి కూడా పేటెంట్ ఇచ్చేస్తారా?’

ఇచ్చేస్తారండీ. దాదాపు ఇదే పనికి ఒకసారి ఇచ్చారు కూడా. 1951 డిసెంబరులో మిర్జాపూర్‌కి చెందిన హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ దరఖాస్తు పెట్టింది. పని నడుస్తుండగా పాత్ర హెడ్‌స్టాక్ (లేత్‌లో పాత్రని తిప్పే కొస) మీంచి ఎగిరిపోతోంది కాబట్టి, ఎదుటి నుంచి మొనదేలిన స్పిండిల్‌తో నొక్కి పట్టాలన్నది అందులోని కిటుకు. పేటెంట్ వచ్చింది. బిశ్వనాథ్ ప్రసాద్ సంస్థతో వ్యాజ్యం నడిచింది. హైకోర్టులో ఒక జడ్జి ఆ పేటెంట్‌ని రద్దు చేస్తే, అప్పీలు విన్న డివిజన్ బెంచి నిలబెట్టింది. 1978లో సుప్రీంకోర్టు మళ్లీ కొట్టేసింది. ఇది వర్క్‌షాపు సవరణే తప్ప ఆవిష్కరణ కాదంది. ఇంతకీ 1911 చట్టంలో పేటెంట్ ఆయుష్షు 16 ఏళ్లే. 1967కే అది చచ్చిపోయింది. తర్వాత పదకొండేళ్లు కోర్టులో నలిగింది శవమే.

సులువుగా కనిపించిందల్లా అందరికీ తట్టేదే అనుకోకండి, అది వేరే సంగతి. తిరగని సెంటర్‌తో (టెయిల్‌స్టాక్‌లోని మొనతో) బిందె పలచని అడుగుని నొక్కితే రాపిడికి వేడెక్కి చిల్లు పడుతుంది. అందుకే తిరిగే సెంటర్ వేసి, మధ్యలో చెక్క దిమ్మ పెడతారు. దిమ్మ చిన్నదైతే అడుగు లోపలికి సొట్టపోతుంది, కాస్త పక్కకి జరిగితే బిందె కొట్టుకుంటూ తిరుగుతుంది. ఇందులో ఏదైనా చిక్కుని ఎవరికీ తట్టని దారిలో విప్పితే పేటెంట్ ఇవ్వాల్సిందే. ఉన్న దిమ్మనీ ఉన్న సెంటర్‌నీ పక్కపక్కన పెట్టి, వాటి పని అవి చేసుకుంటుంటే మాత్రం పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(ఎఫ్) అడ్డొస్తుంది.

మరి దరఖాస్తుని పరిశీలించే పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ ఎందుకు పట్టుకోడు? ఆయన వెతికేది పాత పేటెంట్లలో, అచ్చయిన పుస్తకాల్లో. ఇత్తడి పనికి పేరున్న బుడితిలోనో బెల్లగుంఠలోనో చేతి నుంచి చేతికి వచ్చిన పనితనం ఆ కాగితాల్లో ఎక్కడుంటుంది? పైగా పని ఒత్తిడి. 2014-15లో దేశంలో ఇచ్చిన పేటెంట్లు ఆరు వేల లోపు, 2023-24లో లక్ష దాటాయి. ర్యాంకింగు మార్కుల కోసం కాలేజీలు కుప్పలుగా వేసే దరఖాస్తులు దీనికి తోడు. వాటిలో సగం ఏ షెడ్డులోనూ తిరగవని నా లెక్క.

ఇక మీ నోటీసు. ముందు పేటెంట్ నంబరు అడగండి. నంబరు ఇవ్వకుండా సర్టిఫికెట్ ఫొటో చూపిస్తే అది డిజైన్ రిజిస్ట్రేషన్ కావచ్చు. డిజైన్ కాపాడేది రూపాన్నే, పని చేసే తీరుని కాదు. ఒట్టి దరఖాస్తే అయితే, పేటెంట్ మంజూరయ్యేదాకా దావా వేయడానికి లేదు. నంబరు ఉంటే పేటెంట్ ఆఫీసు వారి ఇన్‌పాస్ అనే ఆన్‌లైన్ వెతుకులాట సైటులో ఉచితంగా వెతకండి. రెన్యూవల్ ఫీజు కట్టక చెల్లకుండా పోయినవి బోలెడు. బతికే ఉంటే శీర్షిక చూసి బెదిరిపోకండి, క్లెయిమ్ 1 (తమ హక్కు దేనిమీదో చెప్పే మొదటి అంశం) చదవండి. అందులో ఐదు భాగాలు చెప్పి, మీ యంత్రంలో నాలుగే ఉంటే సాధారణంగా ఉల్లంఘన కాదు.

అప్పటికీ తగులుకుంటే, తేదీలే మీ ఆయుధం. వాళ్ల ప్రయారిటీ తేదీ (మామూలుగా మొదటి దరఖాస్తు పెట్టిన తేదీ) కన్నా ముందే ఆ అమరిక మన దేశంలో బహిరంగంగా వాడుకలో ఉందని చూపించాలి. టర్నర్ షాపు బిల్లు, దిమ్మ చేయించిన రసీదు, కొనుగోలుదారుల అఫిడవిట్లు పనికొస్తాయి. వాట్సాప్‌లో తిరిగిన ఫొటోని నమ్ముకోవద్దు, అది తీసిన తేదీ వివరాల్ని చెరిపేస్తుంది. అసలు ఫోనులోని ఫైలునే దాచండి.

మంజూరుకి ముందైతే ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. మంజూరు ప్రకటించాక ఏడాదిలోపు, సంబంధం ఉన్నవాళ్లు పెట్టొచ్చు. మీకు నోటీసు వచ్చింది కాబట్టి ఆ సంబంధం చూపడం కష్టం కాదు. ఏడాది దాటితే పేటెంట్ రద్దు కోరుతూ సెక్షన్ 64 కింద హైకోర్టుకి వెళ్లాలి. ఇక్కడ మన సరిహద్దు తికమక ఒకటి ఉంది. ఒడిశా దరఖాస్తులు కోల్‌కతాకి, నది దాటితే పాతపట్నం వాళ్లవి చెన్నైకి. అభ్యంతరం మాత్రం వాళ్ల దరఖాస్తు ఏ ఆఫీసులో ఉందో అక్కడికే పంపాలి, మీరు ఏ గట్టున ఉన్నా సరే.

నోటీసుకి ఇచ్చే జవాబులో ‘మీ పద్ధతి’ అన్న మాట రానివ్వకండి, ‘మా పాత పద్ధతి’ అనే రాయండి. వట్టి బెదిరింపే అయితే దానిమీద తిరిగి దావా వేసే వీలు సెక్షన్ 106లో ఉందని లాయరు చేత ఒక్క వాక్యం చేర్పించండి. ఈలోగా అటక మీది బిల్లు పుస్తకాలకి చెదలు పట్టకముందే కిందికి దించండి.