ఆటో ఇంక్రిమెంటా, యూయూఐడీయా? నేనైతే యూయూఐడీనే అంటాను

ప్రైమరీ కీగా యూయూఐడీ పెడితే టేబుల్ నెమ్మదిస్తుందని మీ సీనియర్ అన్నారని, ఏది వాడాలో చెప్పమని అడిగారు. ప్రైమరీ కీ అంటే టేబుల్లో ఒక్కో వరసని గుర్తుపట్టే విలువ. ఆటో ఇంక్రిమెంట్ అయితే డేటాబేసే 1, 2, 3 అని వేసుకుంటూ పోతుంది; యూయూఐడీ అయితే ఎక్కడ తయారుచేసినా ఇంకోదానితో దాదాపు కలవని పొడవాటి గుర్తు. యూయూఐడీనే వాడండి. ఎందుకో నాకు జరిగింది చెప్తాను.

ఒక డయాగ్నస్టిక్ ల్యాబుకి సాఫ్ట్‌వేర్ రాశాను. రెండు బ్రాంచీలు, ఏ బ్రాంచి డేటాబేస్ దానిదే. పేషెంట్ నంబరు రెండుచోట్లా 1 నుంచే మొదలైంది. రెండేళ్ల తర్వాత ఓనరుగారు రెండూ కలపమన్నారు. రెండో బ్రాంచి నంబర్లన్నిటికీ లక్ష కలిపి రాత్రంతా కూర్చుని ఎక్కించాను. పేషెంట్లు, శాంపిళ్లు, బిల్లులు అన్నీ మార్చాను, రిపోర్టుల టేబుల్ ఒక్కటి వదిలేశాను. రిపోర్టులో ఉన్న పేషెంట్ నంబరు పేషెంట్ల టేబుల్లో ఉందో లేదో చూసే ఫారిన్ కీ ఉంది, అయినా కిక్కురుమనలేదు. 4127 నంబరు పేషెంట్ మొదటి బ్రాంచిలో నిజంగానే ఉన్నారు మరి!

పొద్దున్నే ఒక పెద్దాయన పాత రిపోర్టు కాపీ కోసం వచ్చారు. కాగితం మీద పేరు ఆయనదే, ఫాస్టింగ్ షుగర్ 286. "నాకు షుగర్ లేదమ్మా" అని కౌంటర్ దగ్గర అమ్మాయితో అంటుంటే ఆయన చేతిలో కాగితం వణుకుతోంది. ఆ 286 రెండో బ్రాంచి 4127, ఒక ఆవిడది. అదే యూయూఐడీ అయితే నంబర్లు మార్చే పనే ఉండేది కాదు.

ఫోన్ నంబరే కీగా పెట్టేయమనే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మన ఇళ్లల్లో అమ్మకీ నాన్నకీ అత్తగారికీ అందరికీ కొడుకు నంబరే రాయిస్తారు. వాడకం ఆపేసిన నంబరు కొన్నాళ్లకి ఇంకెవరికో వెళ్తుంది.

ఇక మీ సీనియర్ మాట. ఆయన చూసింది బహుశా 36 అక్షరాల టెక్స్ట్‌గా దాచిన వెర్షన్ 4 రకం యూయూఐడీ అయ్యుంటుంది. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో (డేటా దాచే ఇంజిన్) వరసలు ప్రైమరీ కీ క్రమంలోనే ఉంటాయి. వెర్షన్ 4 దాదాపు పూర్తిగా రాండమ్ కాబట్టి కొత్త వరస ఎక్కడ పడితే అక్కడ దూరుతుంది, పేజీలు (వరసల్ని దాచే బ్లాకులు) చీలుతాయి. పైగా ఆ కీ వేరే కాలమ్ మీద వెతకడానికి పెట్టే ప్రతి సెకండరీ ఇండెక్స్‌లోనూ మళ్లీ చేరుతుంది. 16 బైట్ల బైనరీగా దాచండి, వెర్షన్ 7 తీసుకోండి. అది 2024లో ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9562తో ప్రామాణికమైంది. ముందు 48 బిట్లు మిల్లీసెకన్లలో టైమే కాబట్టి కొత్తవి చివరికే చేరతాయి. పోస్ట్‌గ్రెస్ 18లో అయితే వెర్షన్ 7 తయారుచేసే ఫంక్షన్ రెడీగానే ఉంది.

రసీదు మీద మాత్రం యూయూఐడీ ముద్రించకండి. దానికి బ్రాంచి అక్షరంతో చిన్న నంబరు వేరే కాలమ్‌లో పెట్టి, యునిక్ చేయండి. ఫోన్లో "బి 4127" అని చెప్పగలిగితే చాలు పేషెంటుకి.