స్పెషల్ ఎడ్యుకేషన్ అసెస్‌మెంట్ కావాలంటే నోటిమాట చాలదు, కాగితం పెట్టండి

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో ఉంటున్నాం. ఇండియా నుంచి వచ్చి ఏడాదిన్నర. మా బాబు పబ్లిక్ స్కూల్లో రెండో తరగతి. మాటలు బాగానే మాట్లాడతాడు కానీ చదవడం రావడం లేదు. నిన్న రాసిన మాట ఇవాళ మర్చిపోతాడు. స్పెషల్ ఎడ్యుకేషన్ పరీక్షలు చేయించమని టీచర్‌ని రెండుసార్లు అడిగాను. 'ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్నాడు, ఆగండి' అన్నారు. ప్రిన్సిపాల్ ముందు ఎస్‌ఎస్‌టీ మీటింగ్ (పిల్లవాడికి ఏ సాయం కావాలో స్కూలువాళ్లు, తల్లిదండ్రులు కలిసి మాట్లాడుకునేది) పెడదామంటున్నారు, డాక్టర్ సర్టిఫికెట్ కూడా తెమ్మన్నారు. మావి హెచ్‌-1బీ, హెచ్‌-4 వీసాలు. గట్టిగా అడిగితే మాకేమైనా ఇబ్బందా? అసలు ఎలా అడగాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: వీసా సంగతి ముందు తేల్చేద్దాం. పిల్లల చదువుకు ఇమిగ్రేషన్ స్టేటస్ అడ్డు కాకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1982లోనే ప్లైలర్ వర్సెస్ డో కేసులో చెప్పింది. అసెస్‌మెంట్, అంటే పిల్లవాడికి వైకల్యం ఉందో లేదో, ప్రత్యేక బోధన అవసరమో కాదో తేల్చే పరీక్షలు అడగడానికి వీసా కాగితాలు చూపించక్కర్లేదు, ఫీజు కట్టక్కర్లేదు.

ఇక అసలు విషయం. ఐడీఈఏ అనే ఫెడరల్ చట్టం ప్రకారం, వైకల్యం ఉందేమోనన్న అనుమానం కలిగిన పిల్లల్ని గుర్తించి పరీక్షించడం స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ప్రాంతంలో పబ్లిక్ స్కూళ్లను నడిపే సంస్థ) బాధ్యత. అయితే గడువులు లెక్కపెట్టడానికి ఒక తేదీ కావాలి. ఆ తేదీ మీ రాతపూర్వక అర్జీతోనే పుడుతుంది. తల్లిదండ్రులు నోటితో అడిగితే దాన్ని కాగితం మీద పెట్టడానికి స్కూలు సిబ్బందే సాయం చేయాలని కాలిఫోర్నియా నిబంధన ఉంది. మీ విషయంలో అది జరగలేదు. ఇంకోసారి అడిగి చూసే బదులు ఈ రోజే ఈమెయిల్ పంపండి.

ప్రిన్సిపాల్‌కు పంపి, డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కు కాపీ పెట్టండి. చేతికి ఇస్తే మీ కాపీ మీద తేదీతో 'రిసీవ్డ్' ముద్ర వేయించుకోండి. అందులో ఉండాల్సింది ఇంతే: బాబు పేరు, పుట్టిన తేదీ, తరగతి, 'వైకల్యం ఉందని అనుమానిస్తున్నాను, అనుమానమున్న అన్ని అంశాల్లో ఇనిషియల్ స్పెషల్ ఎడ్యుకేషన్ అసెస్‌మెంట్ చేయండి' అన్న వాక్యం, మీరు గమనించిన ఇబ్బందులు నాలుగైదు, ఉదాహరణలతో, అసెస్‌మెంట్ ప్లాన్ (ఏయే పరీక్షలు చేస్తారో రాసిన కాగితం) 15 రోజుల్లో పంపమన్న మాట. 'మా బాబుకు కొంచెం సాయం కావాలి', 'ఒకసారి మాట్లాడదాం' అని రాస్తే అది అర్జీ కింద లెక్కకు రాకపోవచ్చు, మళ్లీ మీటింగ్ దగ్గరే ఆగొచ్చు.

ఎస్‌ఎస్‌టీ మీటింగ్ చెడ్డదేమీ కాదు, పిలిస్తే వెళ్లండి. కానీ దాన్ని సాకుగా పెట్టి అసెస్‌మెంట్ ఆపకూడదు. ముందు అదనపు బోధన ఇచ్చి చూస్తామంటూ అసెస్‌మెంట్‌ను ఆలస్యం చేయడం, నిరాకరించడం కుదరదని ఫెడరల్ విద్యాశాఖ 2011 జనవరిలోనే రాష్ట్రాలకు రాసింది. రెండూ ఒకే సమయంలో నడవొచ్చు. డాక్టర్ సర్టిఫికెట్ కూడా అంతే. మీ దగ్గరుంటే ఇవ్వండి, లేకపోతే తెచ్చేదాకా ఆపే హక్కు స్కూలుకు లేదు. వైద్య పరీక్ష నిజంగా అవసరమైతే ఆ ఖర్చు డిస్ట్రిక్ట్‌దే.

'ఇంగ్లిష్ నేర్చుకుంటున్నాడు' అన్న మాటలో మాత్రం కొంత నిజముంది, అందుకే అది ఎక్కువమంది తల్లిదండ్రుల్ని ఆపేస్తుంది. కేవలం ఇంగ్లిష్ రాకపోవడమే అసలు కారణమైతే పిల్లవాడిని వైకల్యం ఉన్నవాడిగా తేల్చకూడదని చట్టమే చెబుతోంది. కానీ ఆ సంగతి పరీక్షించాక తేలాలి, పరీక్షించకముందే కాదు. ఇక్కడ మీ తెలుగే మీకు సాక్ష్యం. ఇండియాలో ఉన్నప్పుడు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు నేర్చుకోవడంలో తోటి పిల్లలకంటే వెనకబడ్డాడా? విన్న కథను తెలుగులో వరస తప్పకుండా చెప్పగలడా? మాటలు ఆలస్యంగా వచ్చాయా? ఇంట్లో ఇంకెవరికైనా చిన్నప్పుడు చదవడంలో ఇలాంటి కష్టం ఉండేదా? ఇబ్బంది రెండు భాషల్లోనూ కనిపిస్తే 'ఇది ఇంగ్లిష్ సమస్య' అన్న వాదన నిలబడటం కష్టం. పాత స్కూలు ప్రోగ్రెస్ కార్డులు, నోటు పుస్తకాల ఫొటోలు అర్జీతోపాటు పెట్టండి. కిండర్‌గార్టెన్ నుంచి రెండో తరగతి దాకా చదవడంలో ఇబ్బందుల్ని కనిపెట్టే స్క్రీనింగ్‌ను 2025-26 నుంచి కాలిఫోర్నియాలో తప్పనిసరి చేశారు. దాని ఫలితం ఇమ్మని అడగండి. అయితే ఆ స్క్రీనింగ్‌నే 'పరీక్షించేశాం' అని చూపిస్తే ఒప్పుకోకండి, అది అసెస్‌మెంట్ కాదు.

అర్జీ అందిన 15 రోజుల్లో అసెస్‌మెంట్ ప్లాన్ రావాలి. దాన్ని చదివి సంతకం పెట్టడానికి మీకు కనీసం 15 రోజులు ఉంటాయి. సంతకం చేసిన ప్లాన్ డిస్ట్రిక్ట్‌కు అందిన రోజు నుంచి 60 రోజుల్లో పరీక్షలు పూర్తిచేసి ఐఈపీ మీటింగ్ (ఫలితాలు చూసి, పిల్లవాడికి ఏ సేవలు ఇవ్వాలో నిర్ణయించేది) పెట్టాలి. ఇవి క్యాలెండర్ రోజులు. ఐదు స్కూలు రోజులకు మించిన సెలవులే లెక్కలోంచి పోతాయి. అంటే రెండు వారాల శీతాకాలం సెలవులు పోతాయి గానీ, వారం థ్యాంక్స్‌గివింగ్ సెలవు పోదు. స్కూలు ఏడాది ముగియడానికి 10 రోజులు, అంతకంటే తక్కువ ఉండగా అర్జీ ఇస్తే, ప్లాన్ వచ్చే ఏడాది స్కూలు తెరిచిన 10 రోజుల్లోపు ఇస్తే సరిపోతుంది. కాబట్టి మే ఆఖరుదాకా ఆగడం తెలివైన పని కాదు.

ప్లాన్ చేతికొచ్చాక తొందరపడి సంతకం పెట్టకండి. చదవడం, రాయడం, లెక్కలతోపాటు మాటల శబ్దాల్ని విడదీసి గుర్తించే సామర్థ్యం, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, భాష, చూపు, వినికిడి ఉన్నాయో లేదో చూడండి. ఏదైనా లేకపోతే ఉన్నవాటికి సంతకం పెట్టి, అదే రోజు మిగతావి చేర్చమని రాయండి. ఆ రకంగా 60 రోజుల లెక్క ఆగదు. బాబుకు ఏ భాషలో పరీక్ష చేస్తారో కూడా అడగండి. సరైన సమాచారం రావడానికి వీలున్న భాషలో పరీక్షించాలని ఐడీఈఏ నిబంధన. తెలుగు వచ్చిన స్కూల్ సైకాలజిస్టు దొరకడం కష్టమే. అప్పుడు దుబాసీ సాయం, మాటలతో పని లేని పరీక్షలు వాడతారు. ఇంగ్లిష్ పరీక్షనే అక్కడికక్కడ తెలుగులో చెప్పించి ఆ మార్కుల్ని మామూలు మార్కుల్లా లెక్కేస్తే ఆ సంగతి రిపోర్టులో రాయించండి. మీటింగ్‌లో మీకు దుబాసీ కావాలంటే అదీ ఉచితమే, ముందుగా రాసి అడగండి.

పెద్దవాళ్లు 'ముద్ర పడిపోతుంది' అంటుంటారు. అసెస్‌మెంట్‌కు సంతకం పెట్టడం, సేవలకు ఒప్పుకోవడం ఒకటి కాదు. ఐఈపీ మీటింగ్ అయ్యాక కూడా సేవలు వద్దనవచ్చు.

మీటింగ్‌కు ముందే రిపోర్టులు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. రికార్డులు అడిగిన ఐదు పని దినాల్లో ఇవ్వాలని కాలిఫోర్నియా చట్టం. 24 గంటల ముందు చెబితే మీటింగ్‌ను ఆడియో రికార్డు చేసుకోవచ్చు. వైకల్యం ఉందని తేలితేనే సరిపోదు, దానివల్ల ప్రత్యేక బోధన అవసరమని కూడా తేలాలి. ఈ రెండోది తేలక కేసు వీగిపోయేవి చాలా ఉంటాయి. అలాంటప్పుడు వైకల్యం పేరుతో వివక్ష చూపకూడదన్న ఫెడరల్ చట్టంలోని సెక్షన్ 504 కింద పరీక్షలో అదనపు సమయం లాంటి సదుపాయాలు అడగొచ్చు.

వాళ్ల అసెస్‌మెంట్ సరిగా లేదనిపిస్తే, డిస్ట్రిక్ట్ ఖర్చుతో బయటి నిపుణుడి స్వతంత్ర అసెస్‌మెంట్ కావాలని రాయండి. డిస్ట్రిక్ట్ అనవసర ఆలస్యం చేయకుండా దానికి డబ్బు అయినా ఇవ్వాలి, తమ అసెస్‌మెంట్ సరైనదేనని నిరూపించుకోవడానికి విచారణ కోసం దరఖాస్తు అయినా చేయాలి. అసలు అసెస్‌మెంట్ చేసేదే లేదంటే కారణాలు చూపుతూ ప్రయర్ రిటన్ నోటీస్ (రాతపూర్వక నోటీసు) ఇవ్వమని పట్టుబట్టండి. ఫోన్‌లో 'కుదరదు' అన్నది చెల్లదు. గడువులు దాటితే ఏడాదిలోపు రాష్ట్ర విద్యాశాఖకు ఫిర్యాదు చేయొచ్చు, లేదా రెండేళ్లలోపు ఆఫీస్ ఆఫ్ అడ్మినిస్ట్రేటివ్ హియరింగ్స్ అనే రాష్ట్ర సంస్థలో డ్యూ ప్రాసెస్ (జడ్జి ముందు అధికారిక విచారణ) వేయొచ్చు. ఫిర్యాదుకు లాయర్ అవసరం ఉండదు, తేదీలున్న ఈమెయిళ్లు చాలు. డ్యూ ప్రాసెస్‌కు మాత్రం లాయర్‌ని సంప్రదించాకే దిగండి.