గాలం రాడ్ కార్క్ పిడి నల్లబడితే ఏం చేయాలి?

తిరుపతి నుంచి పిచ్చాటూరు వైపు చేపలకు వెళ్లే మీ రాడ్ పిడి పిండి ఎర, చెమట పట్టి నల్లబడింది, అక్కడక్కడా గుంటలు పడ్డాయి, కొత్త పిడి వేయించాలా అని అడిగారు. అక్కర్లేదండి.

ముందు గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, మెత్తటి స్పాంజితో రుద్దండి. నానబెట్టొద్దు, లోపలి జిగురు వదులవుతుంది. థిన్నర్, బ్లీచింగ్ అసలే వద్దు. తడి తుడిచి నీడలో ఆరనివ్వండి. మన మే నెల ఎండకు మిద్దె మీద పెడితే పిడి పగులుతుంది. చాలా పిడులకు ఇంతే సరిపోతుంది.

మరక పోకపోతేనే ఉప్పు కాగితం. రాడ్‌కు, రీల్ సీటుకు (రీల్ బిగించే చోటు) టేపు చుట్టి, 220 నంబరుతో తేలిగ్గా, తర్వాత 400తో నునుపుగా రుద్దండి. కార్క్ అంటే మన జీలుగు బెండు కాదు. పోర్చుగల్, స్పెయిన్ దేశాల్లో పెరిగే ఒక రకం ఓక్ చెట్టు బెరడు. ఒకసారి ఒలిచాక మళ్లీ ఒలవడానికి సుమారు 9 ఏళ్లు ఆగాలి. మంచి కార్క్ అంత ఖరీదు అందుకే, కాబట్టి ఎక్కువ అరగదీయకండి.

రుద్దినప్పుడు రాలిన పొడి పారేయొద్దు. గుంటలు పూడ్చడానికి అదే మందు. నీటికి తట్టుకునే చెక్క జిగురులో ముద్దగా కలిపి, గుంటలో కొంచెం ఉబ్బెత్తుగా నింపండి. జిగురు తక్కువ, పొడి ఎక్కువ ఉండాలి, లేదంటే ఆ చోటు ముదురు మచ్చలా కనిపిస్తుంది. ఒక రోజు ఆరాక 400తో సమం చేయండి.

పైన వార్నిష్ మందంగా పూయకండి, తడి చేతిలో జారుతుంది.