మొదటి మీటింగ్‌కు వెళ్లే మేనకోడలికి

బిడ్డా,

నువ్వు మున్సిపల్ కౌన్సిలర్‌గా గెలిచిన రోజు ఫోన్ చేశాను గానీ మీ ఇంటి ముందు డప్పుల మోతకు నా మాట నీకు వినపడలేదు, నీ మాట నాకు వినపడలేదు. ఇద్దరం ‘ఆఁ, ఆఁ’ అనుకుని పెట్టేశాం. నిన్న అల్లుడు ఫోన్ చేసి వచ్చే వారమే మొదటి సర్వసభ్య సమావేశం అన్నాడు, “మామా, ఏం మాట్లాడాలో నాలుగు ముక్కలు రాసివ్వు” అని కూడా అడిగాడు. ఏం మాట్లాడాలో నేను రాసివ్వను. ఏం చదవాలో, ఏం అడగాలో మాత్రం చెప్తా. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఎన్ని మున్సిపల్ ఆఫీసులు తిరిగానో నీకు తెలుసు కదా, ఆ హాల్లో ఓ మూలన కుర్చీ వేసుకుని మినిట్స్ రాసినవాణ్ని నేను, అంటే మీటింగ్‌లో ఏం తేలిందో పుస్తకంలో ఎక్కించేవాణ్ని. ఎవరు ఎంత గొంతు చించుకున్నా, ఎవరు మైకు విరగ్గొట్టినా, మరుసటి నెలకు మిగిలేది పుస్తకంలో ఏం పడిందన్నదే. పేపర్లో ఫోటో పడ్డవాళ్లను ఎందరినో చూశాను, పని చేయించుకున్నవాళ్లు మాత్రం చాలాసార్లు ఆ ఫోటోలో ఉండరు.

ముందు ఎజెండా సంగతి. మీటింగ్‌కు కొన్ని రోజుల ముందే చేతికి రావాల్సిన కాగితం అది, కానీ చాలాచోట్ల ముందురోజు చీకటి పడ్డాక అటెండర్ బండి మీద వచ్చి “అమ్మా, ఇక్కడో సంతకం” అంటాడు. నువ్వు పొయ్యి దగ్గర ఉంటావు, తడి చేత్తోనే సంతకం పెట్టేస్తావు. అలా పెట్టకు. సంతకం కింద తేదీ వెయ్, పక్కన టైం కూడా వెయ్, రాత్రి 7.40 అయితే 7.40 అనే రాయి. అటెండర్‌ను ఏమీ అనకు, అతను ఇవ్వమన్నప్పుడు ఇచ్చేవాడు, అంతే. రెండు నెలలు నీ సంతకం కింద ఆ టైం కనపడితే మూడో నెల ఎజెండా దానంతట అదే తొందరగా వస్తుంది, ఎందుకంటే రేపు ఏదైనా తేడా వచ్చి కలెక్టరేట్ నుంచి ఫైలు అడిగితే ఆ రిజిస్టరే ముందు చూస్తారని సెక్షన్‌లో అందరికీ తెలుసు.

చేతికొచ్చాక భయపడకు. నలభై యాభై అంశాలు ఉంటాయి, అన్నీ ఒకే పాటలాగా “...పరిశీలించి ఆమోదించుట గురించి” అని ముగుస్తాయి. పెన్సిల్ పట్టుకుని మూడు రకాలుగా గుర్తు పెట్టుకో. చేయబోయే పనులు ఒక రకం. ఇప్పటికే చేసేసి, ఖర్చు కూడా పెట్టేసి, ఇప్పుడు ఆమోదం అడుగుతున్నవి రెండో రకం, వీటినే ర్యాటిఫికేషన్ అంటారు. సిబ్బంది, కోర్టు కేసులు, ఉత్తర్వులు చదివి వినిపించడం లాంటివి మూడోది. మూడో రకం మీద టైం పోగొట్టుకోకు. నీ కన్నంతా రెండో రకం మీదుండాలి. అత్యవసరమని ముందే చేయాల్సిన పనులు నిజంగానే ఉంటాయి, వానకు కల్వర్టు కొట్టుకుపోతే మీటింగ్ దాకా ఆగమంటామా? కానీ ప్రతి నెలా సగం ఎజెండా అత్యవసరమే అయితే అందులో ఏదో ఉంది.

ఒక్కటి విడమరిచి చెప్తా, మిగతావి నువ్వే పట్టుకుంటావు. “వేసవిలో ట్యాంకర్ల ద్వారా నీటి సరఫరా బిల్లుల చెల్లింపునకు ఆమోదం గురించి” అని ఒక లైను ఉంటుంది, చివర ఒక మొత్తం ఉంటుంది. అందరూ ఆ మొత్తం చూసి “అమ్మో ఇంతా” అని అరుస్తారు. మొత్తం చూసి అరిస్తే “ఎండాకాలం మేడం, జనం దాహం తీర్చాం” అని ఒక్క మాటతో కూర్చోబెడతారు. నువ్వు అరవకు, ట్రిప్పులు అడుగు. ఉదాహరణకు రోజుకు 40 ట్రిప్పులు, రెండు ట్రాక్టర్లు అన్నారనుకో. అంటే ఒక్కో ట్రాక్టర్ 20 ట్రిప్పులు. బోరు దగ్గర నింపాలి, వార్డుకు పోవాలి, బిందెలు వరుసలో పెట్టి ఆడవాళ్లు పట్టుకునేదాకా ఆగాలి, మళ్లీ రావాలి, ఎంత లేదన్నా గంట పడుతుంది. 20 గంటలు నడిచిన డ్రైవర్ ఎప్పుడు తిన్నాడు, ఎప్పుడు పడుకున్నాడు? “లాగ్‌బుక్ ఒకసారి తెప్పించండి, మా వార్డుకు ఏ తేదీల్లో వచ్చిందో చూసుకుంటాను” అను, అంతే. నీ వార్డుకు ట్యాంకర్ ఎప్పుడొచ్చిందో నీకంటే ఎవరికి బాగా తెలుసు? ఇంకో మాట కూడా అడుగు, ఇది మన జిల్లావాళ్లమే అడగాలి, ఏ బోరు నుంచి నింపుతున్నారు, ఆ నీళ్లు పరీక్ష చేయించారా అని. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయిన మనుషుల్ని చూస్తూ పెరిగినవాళ్లం. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే తాగడానికి పనికిరావు. మిషన్ భగీరథ పైపు నీళ్లు వస్తున్నాయి కదా అని ఇప్పుడు ఆ ప్రశ్న అందరూ మర్చిపోయారు, పైపు పగిలి నాలుగు రోజులు నీళ్లు రాకపోతే మళ్లీ ఆ పాత బోర్ల దగ్గరికే ట్యాంకర్ పోతుంది.

వీధి దీపాలైనా, బ్లీచింగ్ పౌడర్ అయినా, చెత్త ట్రాక్టర్ల డీజిల్ అయినా ఇదే పద్ధతి. ఎన్ని, ఎప్పుడు, ఎక్కడ, పని కొలిచి రాసే కొలతల పుస్తకంలో ఉందా లేదా.

ఇక టేబుల్ ఎజెండా అని ఒకటుంది. ఇంటికి పంపిన కాగితంలో లేనివి హాల్లో కూర్చున్నాక, టీ బిస్కెట్లతో పాటు పంచుతారు. చదివేలోపే “ఆమోదం, ఆమోదం” అని వెనక వరుస నుంచి బల్లలు చరుస్తారు. అలాంటప్పుడు “నేను చదవలేదు, దీన్ని వచ్చే మీటింగ్‌కు వాయిదా వేయండి, అంత తొందరైతే ఆ తొందరేమిటో కమిషనర్ గారు రెండు ముక్కల్లో చెప్పాలి” అని నిలబడి చెప్పు. ఓడిపోతావు, పర్వాలేదు. “నా అసమ్మతి రాయండి” అని అడుగు. నోటితో చెప్పి ఊరుకుంటే రాయరు. చిన్న కాగితం మీద అంశం నంబరు, నీ అభ్యంతరం, సంతకం, తేదీ వేసి అక్కడే ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకో.

రాయరు అని ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు ఇది, మీ అత్తకు తప్ప. ఒక ఊళ్లో, ఊరి పేరు వద్దులే, నేను మినిట్స్ రాస్తున్న రోజుల్లో మీటింగ్ అయిపోయాక సార్ పిలిచి “చివర్లో అర పేజీ ఖాళీ వదిలిపెట్టు” అన్నాడు. ఎందుకని అడగలేదు. నాకప్పుడు ట్రాన్స్‌ఫర్ భయం, మీ బావ పదో తరగతి. వదిలాను. పదిహేను రోజులకు ఆ అర పేజీలో ఒక డ్రైనేజీ పని తీర్మానమై కూర్చుంది, నా చేతిరాతతోనే, మీటింగ్‌లో ఆ మాటే రాలేదు. పేజీ మీద ఆ ముక్క మాత్రం కొంచెం ఇరుకుగా ఉండేది, పైన అక్షరాలు విడివిడిగా, ఇక్కడికొచ్చేసరికి ఒకదాని మీద ఒకటి, సిరా కూడా వేరు. వచ్చే నెల మీటింగ్‌లో ‘గత సమావేశపు మినిట్స్ ధ్రువీకరణ’ అన్నప్పుడు అందరూ ఆమోదం అన్నారు. ఒక్క పెద్దాయన, చదువు ఐదో తరగతి, “పుస్తకం ఇటివ్వండి” అని తెప్పించుకుని వేలితో లైను లైను కూడబలుక్కుంటూ చదివాడు. హాలంతా విసుక్కుంది. ఆ ముక్క దగ్గరికొచ్చాక ఆయన తలెత్తి చైర్మన్ వైపు చూడలేదు, సార్ వైపు చూడలేదు, నా వైపు చూశాడు. ఆ పని ఆగింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే మొదటి అంశం, ఎవరూ పట్టించుకోని ఆ ధ్రువీకరణ, నీకు అన్నిటికంటే ముఖ్యం. మీటింగ్ జరుగుతున్నప్పుడే ఒక నోటుబుక్‌లో అంశం నంబరు, ఏం తేలింది, ఎంత డబ్బు అని రాసుకో. తర్వాత ఆ మినిట్స్ కాపీ తెప్పించుకుని నీ నోటుబుక్ పక్కన పెట్టి చూడు. పేజీ చివర ఖాళీ ఉంటే అక్కడే అడ్డగీత కొట్టించు.

టైం గురించి కూడా నిష్ఠూరంగా ఉన్నా చెప్తా. పదకొండింటికి మీటింగ్ అంటే ఎమ్మెల్యే గారి కోసం చూసి చూసి ఒంటిగంటకు మొదలవుతుంది. శాలువాలు, పూలదండలు, ఫోటోలు ఒక అరగంట. ఆ తర్వాత ఒక్కొక్కరు లేచి మా వార్డులో లైటు వెలగట్లేదు, మా గల్లీలో మోరీ తీయట్లేదు అని మూడింటి దాకా. అప్పుడు ఆకలేస్తుంది, నలభై అంశాలు పది నిమిషాల్లో అయిపోతాయి. ఇందులో అధికారుల తప్పు ఎంతో మన తప్పూ అంతే, కొందరు అధికారులకు ఇలా సాగడమే హాయి. నీ వార్డు లైటు గురించి రెండ్రోజుల ముందే ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజనీరుకు, కాగితం ఇచ్చెయ్, స్తంభం నంబరుతో సహా. హాల్లో ఆ కాగితం సంగతి ఒక్క నిమిషంలో అడిగి కూర్చో. కౌన్సిల్ టైం డబ్బు లెక్కలకు, ఊరంతటికీ సంబంధించినవాటికి.

2025 జనవరిలో పాత కౌన్సిళ్ల గడువు అయిపోయాక ఏడాది దాటి, ఎన్నికైనవాళ్లు లేకుండా ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది కదా. అప్పుడు ఆఫీసులో నా పాత దోస్తులు కొందరు “గొడవ లేదు, ఒక్క సంతకంతో ఫైలు కదులుతోంది” అని సంబరపడ్డారు. నిజమే, కదిలింది. దేనికి కదిలిందో అడిగే మనిషి మాత్రం లేడు. ఆ అడిగే మనిషివి ఇప్పుడు నువ్వు, అందుకని ఫైలు ఆపడమే పని అనుకోవద్దు, మంచి పనికి అందరికంటే ముందు చెయ్యెత్తు. అప్పుడే నువ్వు ఆపమన్నప్పుడు వింటారు.

బడ్జెట్ మీటింగ్ వచ్చేసరికి ఇంకో లేఖ రాస్తాగానీ, ఒక్కటి ఇప్పుడే చెప్తా. ఆదాయం కాలమ్‌లో ఆస్తి పన్ను, నల్లా బిల్లు కింద పెద్ద పెద్ద అంకెలు వేస్తారు. నిరుడు వేసిన అంకె ఎంత, వసూలైంది ఎంత అని రెండూ పక్కపక్కన పెట్టమను. జీతాలు, కరెంటు బిల్లు పోగా చేతిలో ఎంత మిగులుతుందో అడుగు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టాలి, అది మొక్కలు కొన్న బిల్లా, బతికిన మొక్కలా అని కూడా అడుగు.

ఇప్పుడు అల్లుడి సంగతి. వాడు మంచోడే, నీకోసం ఇంటింటికీ తిరిగాడు, నాకు తెలుసు. కానీ హాల్లోకి మాత్రం రావద్దు. ఆడవాళ్లకు సగం సీట్లు ఇచ్చింది భర్తలు వెనక కుర్చీలో కూర్చుని చీటీలు అందించడానికి కాదు. నేనుండగానే చూశాను, ఆమె లేచి నిలబడితే ఆయన మాట్లాడేవాడు, మినిట్స్‌లో ఆమె పేరు రాసేవాళ్లం. రేపు సంతకం మీద కేసైతే ఆమెనే అడుగుతారు. వాణ్ని బయట బండి దగ్గర ఉండమను, టీ తాగమను. ఈ మాట నేనన్నానని చెప్పు, కోపం నా మీద పెట్టుకుంటాడు.

మీటింగ్ అయ్యాక వార్డులో చెప్పాలి, ఇది చాలామంది చెయ్యరు. చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలి, యువకులు, మహిళలు, పెద్దవాళ్లు, ఊళ్లో పేరున్నవాళ్లు, ఒక్కోదాంట్లో పదిహేను మంది. కాగితం మీద పేర్లు ఎలాగూ రాస్తారు, నువ్వు నిజంగానే పిలువు. అందరూ రారు. అంగన్‌వాడీ వరండాలో పదిమంది కూర్చున్నా చాలు. మన వార్డుకు ఏం వచ్చింది, దేనికి అవునన్నాను, దేనికి కాదన్నాను, ఒకే పేజీ, పెద్ద అక్షరాలు, కిరాణా కొట్టు గోడకు అంటించు, వార్డు వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టు. గుడ్ మార్నింగ్ పూల బొమ్మల మధ్య అదీ ఒకటి ఉంటుంది.

ఏ కుర్రాడైనా సమాచార హక్కు చట్టం, అదే ఆర్టీఐ, కింద పది రూపాయలు కట్టి తీర్మానం కాపీ అడిగితే కోప్పడకు, “నా మీదే వేస్తావురా” అనకు. ముప్ఫై రోజుల్లో ఇవ్వాల్సిందే. అసలు కౌన్సిల్ మీటింగులు జనానికి తెరిచి ఉన్నాయా, మినిట్స్ జనం చూడొచ్చా అన్నది ఆఫీసే తనంతట తాను ప్రకటించాలని 2005 నాటి ఆ చట్టం నాలుగో సెక్షన్‌లోనే ఉంది. మీ ఆఫీసులో ఆ బోర్డు ఎక్కడుందో ఓసారి చూసి రా. బీరువా వెనకో, జిరాక్స్ మిషన్ వెనకో ఉంటుంది.

మొదటి మీటింగ్‌లోనే ఇవన్నీ చేయబోకు. మొదటిసారి నోటుబుక్ తీసుకెళ్లి రాసుకో, ఒక్క ప్రశ్న అడుగు, చాలు. చేతులు వణుకుతాయి, నాకూ కొత్తలో మినిట్స్ రాస్తుంటే వణికేవి. ఎజెండా రాగానే అన్ని పేజీలూ ఫోటో తీసి పంపు, లైటు కింద పెట్టి సరిగ్గా తియ్, మొన్న పంపిన పెళ్లి కార్డు ఒక్క ముక్క కనపడలేదు. ఆ రాత్రే చూసి ఫోన్ చేస్తా. మీ అత్త సర్వపిండి చేసి పంపిస్తానంటోంది, ఆదివారం ఎవరైనా నల్లగొండ వస్తుంటే చెప్పు, క్లాక్ టవర్ దగ్గరికి తెచ్చిస్తా.

మీ మామ