నాన్నకు లివర్ సిరోసిస్, రిపోర్టులో 'పెద్ద వేరిసెస్' అని రాశారు. బీపీ 110 మాత్రమే అని మా ఊరి ఆర్‌ఎంపీ కార్వెడిలాల్ గోలీ ఆపించాడు. అలా ఆపేయొచ్చా?

ఆ గోలీ బీపీ కోసం ఇచ్చింది కాదు. "బీపీ బాగానే ఉంది కదా" అని మీ ఊరి ఆర్‌ఎంపీ ఆపించడంలోనే పొరపాటు జరిగింది.

సిరోసిస్‌లో లివర్ గట్టిపడి, పేగుల నుంచి వచ్చే రక్తానికి దారి ఇరుకవుతుంది. ఆ ఒత్తిడికి అన్నవాహికలో సిరలు ఉబ్బుతాయి. రిపోర్టులో 'పెద్ద వేరిసెస్' అని రాసింది వాటినే. అవి పగలకుండా ఒత్తిడి తగ్గించేదే ఈ గోలీ. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు: ఏ బాధా లేదని మానేస్తారు.

1. రేపే గోలీ రాసిన డాక్టర్‌కు ఫోన్ చేయండి. మామూలుగా 6.25 మి.గ్రా.తో మొదలుపెట్టి 12.5కి పెంచుతారు. మీ అంతట మీరు పెంచకండి.
2. పై బీపీ 90 కంటే తగ్గినా, కళ్లు తిరిగినా, ఉబ్బసం ఉన్నా చెప్పాలి.
3. గోలీ పడకపోతే బ్యాండింగ్ ఉంది. ఎండోస్కోపీతోనే సిరలకు రబ్బరు బ్యాండ్లు వేస్తారు, 2–4 వారాలకోసారి, అవి పోయేదాకా.
4. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వద్దు. కల్లు కూడా వద్దు. "చెట్టు కల్లు ఏం చేయదు" అనే మాట మన నల్లగొండ వైపు ఎక్కువే, వినకండి.

నెత్తురు కక్కినా, తారులా నల్లగా విరేచనమైనా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి చేయండి.