తోట అమ్మొద్దు, ఉద్యోగం మానొద్దు: నాన్నగారి అల్జైమర్స్ ఖర్చుకి ముందు వెయ్యాల్సిన లెక్క

అంబాజీపేట దగ్గర ఊరి నుంచి ఒక చెల్లెమ్మ రాసిన ప్రశ్న ఇది, పేరు వద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెప్తాను. నాన్నగారికి 74, హైస్కూల్ హెడ్మాస్టర్‌గా చేసి రిటైరయ్యారు, పెన్షన్ 46 వేలు చేతికొస్తుంది. ఎనిమిది నెలల క్రితం కాకినాడలో న్యూరాలజిస్ట్ చూసి అల్జైమర్స్ అని తేల్చారు. అమ్మగారికి 68, మోకాళ్లు సహకరించవు. నాన్నగారి పేరు మీద 20 లక్షల ఎఫ్‌డీలు, కౌలుకిచ్చిన ఎకరంన్నర కొబ్బరి తోట, దాని మీద ఏడాదికి 70 వేలు, ఉంటున్న ఇల్లు. ఈవిడకి 41, అమలాపురంలో ప్రైవేట్ జూనియర్ కాలేజీలో లెక్చరర్, జీతం 30 వేలు. తను ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండాలా, లేక హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య అంటున్నట్టు తోట అమ్మేసి అక్కడ నెలకి 55 వేల కేర్ హోమ్‌లో పెట్టాలా, అసలు ఎంత డబ్బు పక్కన పెట్టుకోవాలి అని అడిగారు. ఆఖర్లో ఇలా రాశారు: "సాయంత్రం ఆరయ్యేసరికి బెల్లు కొట్టేశారు, స్కూలుకెళ్లాలి అని గేటు దగ్గరికెళ్లిపోతారండి, ఆపితే చెయ్యెత్తుతున్నారు, రాత్రిళ్లు ఏడుపొస్తుంది."

చెల్లెమ్మా, మీ ఆఖరి మాట నుంచే మొదలెడతాను, ఎందుకంటే మీ డబ్బు ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది. ఇన్నేళ్లుగా రాజమండ్రి నుంచి నరసాపురం దాకా ఎన్నో కుటుంబాల లెక్కలు చూశాను, ఈ జబ్బున్న ఇంట్లో డబ్బు కరిగిపోయేది ఎక్కువగా మందుల వల్ల కాదండి, చూసుకునే మనిషి అలిసిపోయి ఇంక నా వల్ల కాదు అన్న రోజున హడావుడిగా తీసుకున్న నిర్ణయాల వల్ల. ఆ రోజే తోట తక్కువకి పోతుంది, ఆ రోజే ఉద్యోగం పోతుంది, ఆ రోజే చూడకుండా ఏదో హోమ్‌లో అడ్వాన్స్ కట్టేస్తారు. కాబట్టి మీ బడ్జెట్‌లో మొదటి పద్దు మీరూ అమ్మగారూ అలిసిపోకుండా ఉండటానికి పెట్టే ఖర్చు. దాన్ని దండగ అనుకోకండి.

దీనికి లెక్క చూపిస్తాను. అమెరికాలో న్యూయార్క్‌లో అల్జైమర్స్ పేషెంట్లని చూసుకునే 406 మంది భార్యాభర్తల మీద ఏళ్ల తరబడి ఒక స్టడీ చేశారు, 2006లో ఫలితాలు వచ్చాయి. కొందరికి ఇంటి వాళ్లతో కూర్చోబెట్టి కౌన్సెలింగ్, వారం వారం సపోర్ట్ గ్రూప్, ఫోన్ చేస్తే మాట్లాడే మనిషి ఇచ్చారు, మిగతా వాళ్లకి మామూలుగా వదిలేశారు. సాయం అందిన ఇళ్లలో పేషెంట్‌ని నర్సింగ్ హోమ్‌లో (అక్కడ అంటే మన కేర్ హోమ్ లాంటిది, ఆస్పత్రి కాదు) పెట్టాల్సిన రోజు మధ్యస్థంగా 557 రోజులు వెనక్కి జరిగింది. న్యూయార్క్ కోనసీమ కాదు, అదే జరుగుతుందని నేను మాటివ్వను, కానీ 557 రోజులంటే పద్దెనిమిది నెలలు, మీ అన్నయ్య చెప్పిన 55 వేలతో వేస్తే దగ్గర దగ్గర 10 లక్షలు. మన దేశంలో గోవాలో కూడా 81 కుటుంబాలతో చేసి 2008లో అచ్చేశారు, అక్కడ ఇళ్లకెళ్లింది పెద్ద డాక్టర్లు కాదు, ఆ ఊళ్ల వాళ్లకే ట్రైనింగ్ ఇచ్చి పంపారు, చూసుకునే వాళ్ల మానసిక స్థితి మెరుగుపడింది. అంటే ఇది పల్లెటూళ్లో కుదరని పని కాదండి.

ఇప్పుడు ఉద్యోగం. మానొద్దు. జీతం 30 వేలంటే ఏడాదికి 3 లక్షల 60 వేలు. పగలు ఉండే ఆయమ్మ మీ ఊళ్లో 13 వేలు అడుగుతోందని రాశారు, ఏడాదికి 1 లక్షా 56 వేలు. మీరు మానేస్తే ఏడాదికి 2 లక్షలు ఎదురు పోయినట్టు, పీఎఫ్ జమ ఆగిపోతుంది, నలభై దాటాక మళ్లీ కాలేజీలో చోటు దొరకడం ఎంత కష్టమో నాకన్నా మీకే బాగా తెలుసు. ఈ జబ్బు తేలాక మామూలుగా 4 నుంచి 8 ఏళ్లు, కొందరికి 20 ఏళ్ల దాకా కూడా నడుస్తుంది. ఆరు నెలల సెలవులా అనుకుని మానేసి, ఆరేళ్ల తర్వాత చేతిలో ఏమీ లేకుండా మిగిలిపోయిన ఆడవాళ్లని చూశాను, నాకు చాలా బాధగా ఉంటుంది.

ఆయమ్మని ఎవర్ని పెట్టుకోవాలి అంటే, మీ చుట్టుపక్కల కువైట్, మస్కట్ వెళ్లి అక్కడి ఇళ్లలో ముసలివాళ్లని చూసుకుని తిరిగొచ్చిన ఆడవాళ్లు లేని ఊరుండదు. ముందు వాళ్లని అడగండి, ఒళ్లు తుడవటం, మంచం మీద పక్కకి తిప్పటం, విసుక్కోకుండా తినిపించటం వాళ్లకి చేత్తో వచ్చిన పని. అయినా సరే మొదటి నెల ఈ జబ్బు గురించి నేర్పించండి, ఆ నేర్చుకునే రోజులకీ కూలి ఇవ్వండి. ఉదాహరణకి స్నానం. వద్దని మొండికేసే పెద్దాయన మీద చెంబుడు నీళ్లు నెత్తిన పోస్తే భయంతోనే కొడతారు. భుజాల మీద తువ్వాలు కప్పి, గోరువెచ్చటి నీళ్లు ముందు పాదాల మీద, తర్వాత మోకాళ్ల మీద, ఆయన చేతికే చెంబు ఇచ్చి పోసుకోమంటే సగం గొడవ తగ్గుతుంది. మీ స్కూలు బెల్లు సంగతి కూడా అంతే. సాయంత్రమయ్యేసరికి కంగారు పెరగడం ఈ జబ్బులో చాలామందికి ఉండేదే. నాన్నా మీరు రిటైరై పదహారేళ్లయింది అని వాదిస్తే ఆయనకి అవమానంగా ఉంటుంది. నరసాపురం వైపు నాకు తెలిసిన ఇంట్లో ఒక మాస్టారికి అదే టైముకి ఎర్ర పెన్ను, పాత ఆన్సర్ పేపర్ల కట్ట ముందు పెట్టేవారు, ఆయన దిద్దుకుంటూ కూర్చునేవారు, లైట్లు ముందే వేసేసేవారు, కాఫీ ఆపేసి పాలిచ్చేవారు. వాళ్లు రాత్రి మనిషిని పెట్టుకుందామనుకున్న ఆలోచన ఏడాది పైగా వాయిదా పడింది, నేను నెలకి 13 వేలు మిగిలాయని రాసుకున్నాను.

గేటు సంగతి మాత్రం రేపే చూడండి. మన డెల్టాలో ఇంటి ముందే కాలవ, రేవు మెట్లు, వెనకాల రొయ్యల చెరువులు, ఇల్లు దాటిన మనిషికి రోడ్డు కన్నా నీళ్లు ప్రమాదం. గడియ ఆయన కంటికి కనపడని చోట పెట్టించండి, జేబులో మీ నంబరు కుట్టించండి, టీ కొట్టు, ఆటో స్టాండ్, రేవు దగ్గర ఉండే వాళ్లు, రామాలయం పూజారి గారు, అందరికీ దాచకుండా జబ్బు పేరు చెప్పండి. మా నాన్నకి చాదస్తం ఎక్కువైంది అని చాలామంది కప్పేసుకుంటారు, కానీ ఊరికి తెలిస్తే ఊరే కాపలా కాస్తుంది, దానికి పైసా ఖర్చు లేదు.

మనుషుల్ని ఎక్కడ కూడగట్టాలి అంటే, మీ నాన్నగారు టీచరు కాబట్టి మీ మండలం ప్రభుత్వ పెన్షనర్ల సంఘం దగ్గరికి వెళ్లండి. ఆ సంఘంలో ఇదే జబ్బున్న ఇళ్లు ఇంకో నాలుగైనా ఉండకపోవు, నోరు విప్పట్లేదంతే. నెలకో ఆదివారం ఆ హాల్లోనే చూసుకునే వాళ్లని కూర్చోమనండి, ఒక నెల కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి (జీజీహెచ్) నుంచో, అమలాపురం నుంచో డాక్టర్ గారిని, ఇంకో నెల ఫిజియో గారిని పిలవండి, మీ పీహెచ్‌సీలో ఏఎన్‌ఎమ్‌ని, ఆశా కార్యకర్తని కూడా. అల్జైమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా అని 1992 నుంచి పనిచేస్తున్న సంస్థ ఉంది, హైదరాబాద్‌లో చాప్టర్ ఉంది, అన్నయ్యగారు అక్కడే ఉంటారు కదా, ఆయన స్వయంగా వెళ్లి చూసుకునే వాళ్లకి ఏ శిక్షణ ఇస్తారో కనుక్కుని మీకు చెప్పాలి, ఇది ఆయన వాటా పని. మీకు రాత్రి ఏడుపొచ్చినప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, పెద్దవాళ్ల సమస్యలకి ఎల్డర్‌లైన్ 14567 ఉంది, ఫోన్ చెయ్యడానికి మొహమాటపడొద్దు.

ఇక కాగితాలు, ఇందులో ఆలస్యం అస్సలు పనికిరాదు. చాలామంది పవర్ ఆఫ్ అటార్నీ రాయించేసుకుంటే చాలనుకుంటారు. మన కాంట్రాక్ట్ చట్టం, 1872 నాటిది, దాని 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే ఆ పవర్ అక్కడితో రద్దు. అంటే అవసరం వచ్చే టైముకే అది చెల్లదు. తర్వాత కోర్టుకెళ్లి గార్డియన్‌షిప్, అంటే ఆయన తరఫున సంతకాలు పెట్టే అధికారం, తెచ్చుకోవాలి, నెలలు పడుతుంది. తోట అమ్మకం కూడా అంతే, ఏం రాస్తున్నారో తెలియని స్థితిలో ఆయన చేత సంతకం పెట్టిస్తే ఆ దస్తావేజు రేపు ఎవరైనా కొట్టేయించొచ్చు. అన్నయ్యగారికి ఇది మెల్లగా చెప్పండి, ఆయన చెడు ఉద్దేశంతో అనలేదు, దూరంగా ఉన్నవాళ్లకి డబ్బు పంపడం తప్ప ఇంకేం చెయ్యాలో తోచదు.

నాన్నగారికి పొద్దున పూట ఇంకా బాగానే అర్థమవుతోందని రాశారు కాబట్టి ఆయన ఇష్టం ఏంటో అడిగి, ఒప్పుకుంటే ఇప్పుడే వీలునామా రాయించండి. అదే రోజు డాక్టర్ గారి ఫిట్‌నెస్ సర్టిఫికేట్, ఇద్దరు సాక్షులు, వీలైతే ఒక సాక్షి డాక్టర్ గారే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి, కదల్లేని వాళ్లకి సబ్ రిజిస్ట్రార్ ఇంటికొచ్చే ఏర్పాటు చట్టంలోనే ఉంది. తోట తాతగారి నుంచి వచ్చిన పిత్రార్జితమైతే హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత అన్నయ్యతో సమానంగా మీకూ హక్కు ఉంది, అది లాయర్‌కి చెప్పి రాయించండి.

బ్యాంకులో ఎఫ్‌డీలన్నిటికీ అమ్మగారి పేరు కలపండి, "ఐదర్ ఆర్ సర్వైవర్" అని ఉండాలి, అంటే ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు, "ఫార్మర్ ఆర్ సర్వైవర్" అని ఉంటే ఆయన ఉన్నంతకాలం అమ్మగారు ఏమీ తీయలేరు. ఇంకోటి, గడువుకి ముందే తీయాలంటే చాలా బ్యాంకుల్లో ఇద్దరి సంతకాలూ అడుగుతారు, అందుకని ఒక్కరి సంతకంతో తీసుకోవచ్చు అని ఇప్పుడే మ్యాండేట్ ఇచ్చెయ్యండి, ఈ చిన్న కాగితం లేక ఆస్పత్రి బిల్లు కోసం పరిగెత్తిన వాళ్లు ఉన్నారు. ఆయన ఫోన్‌లో యూపీఐ తీసేసి, చేతి ఖర్చుకి వేరే చిన్న ఖాతా పెట్టండి, ఓటీపీ అడిగే దొంగలకి ఇలాంటి వాళ్లే దొరుకుతారు, ఏదైనా జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. లైఫ్ సర్టిఫికేట్ ఇప్పుడు ఫోన్‌లో మొహం చూపించి ఇవ్వొచ్చు, ట్రెజరీకి ఈడ్చుకెళ్లక్కర్లేదు.

నెల లెక్క ఇలా వేశాను. ఇల్లు 18 వేలు, మందులు 4 వేలు, ఆయమ్మ 13 వేలు, శిక్షణకీ, ఆయమ్మ రాని రోజు ఇంకో మనిషికీ, అమ్మగారు నెలకి రెండు పూటలు బయటికెళ్లి రావడానికీ కలిపి 3 వేలు. మొత్తం 38 వేలు, 8 వేలు మిగులుతాయి, దాన్ని రికరింగ్‌లో వెయ్యండి. మందులకి జన ఔషధి కేంద్రంలో జనరిక్ ఉందేమో డాక్టర్ గారినే అడగండి. ఎఫ్‌డీలు గడువు తీరగానే 10 లక్షలు అమ్మగారి పేరు మీద పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో పెట్టండి, 8.2 శాతం అయితే మూడు నెలలకి 20,500 వస్తుంది. వడ్డీ రేటు పెట్టే రోజున చూసుకోండి. 4 లక్షలు ఎప్పుడైనా తీసుకునేలా, 6 లక్షలు వేర్వేరు గడువులతో ఎఫ్‌డీ. మంచాన పడ్డాక రాత్రి మనిషి, డైపర్లు కలిపి ఇంకో 19 వేలు పెరిగి 57 వేలవుతుంది అనుకున్నా, పెన్షన్, ఈ వడ్డీ, కౌలు కలిపితే 58 వేలు దాటుతుంది. ఆ 10 లక్షలు కదపకుండానే నడుస్తుంది, అందుకే తోట ముట్టుకోవద్దంటున్నాను. ఇంకో విషయం చెప్పాలి, నాన్నగారి తర్వాత అమ్మగారికి ఫ్యామిలీ పెన్షన్ ఇప్పుడొచ్చే దానిలో 60 శాతం దగ్గర, అంటే 27 వేల చిల్లర వస్తుంది. ఆవిడకి తోటా, ఆ స్కీమూ అప్పుడే అసలు అవసరం.

ప్రభుత్వ ఉద్యోగులకీ పెన్షనర్లకీ ఇచ్చే ఈహెచ్‌ఎస్ ఆరోగ్య కార్డు ఆస్పత్రిలో చేరితే పనికొస్తుంది, ఆయమ్మ జీతానికీ డైపర్లకీ ఇవ్వరు. టాక్స్ మినహాయింపు గురించి 80డీడీబీ అని ఎవరో చెప్పారని రాశారు, డిమెన్షియా (అల్జైమర్స్ అందులో ఒక రకం) ఆ జాబితాలో ఉన్న మాట నిజమే, కానీ అది పాత రెజీమ్‌కే, పెన్షనూ వడ్డీ కలిపినా నాన్నగారి ఆదాయం 7 లక్షలకి అటూ ఇటూగానే ఉంటుంది, కొత్త రెజీమ్‌లో 12 లక్షల దాకా ఎలాగూ టాక్స్ పడదు. ఆ సర్టిఫికేట్ల కోసం తిరిగే ఓపిక బ్యాంకు పనికి దాచుకోండి, రిటర్న్ మాత్రం వెయ్యండి.

అన్నయ్యగారు 55 వేలు కట్టడానికి సిద్ధంగా ఉన్నారు కదా, అందులో 10 వేలు ప్రతి నెలా అమ్మగారి ఖాతాలో వెయ్యమనండి, దసరాకో సంక్రాంతికో వచ్చినప్పుడు పది రోజులు రాత్రి డ్యూటీ ఆయనే చెయ్యాలి, నాన్నగారితో ఆ పది రాత్రులు గడిపాక హోమ్ గురించి మళ్లీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. పెద్ద ఎఫ్‌డీ ఏదైతే దాని రసీదు తీసుకుని సోమవారం పొద్దున నాన్నగారినీ అమ్మగారినీ వెంటబెట్టుకుని బ్యాంకుకి వెళ్లండి, పదకొండు లోపే వెళ్లండి, ఆ టైములోనే ఆయన బాగుంటారన్నారు. మిగతా రసీదుల మీద మెచ్యూరిటీ తేదీలు రాసి పంపండి, ఏది ఎప్పుడు మార్చాలో వరసగా రాసిస్తాను.