టీవీ యాప్‌లో కార్యక్రమాల సమయాలు తప్పుగా కనిపిస్తే ఎలా సరిచేయాలి?

పరికరం సెట్టింగ్స్‌లోని తేదీ-సమయం విభాగంలో టైమ్‌జోన్‌ను కోల్‌కతాకు (భారత సమయం ఈ పేరుతోనే ఉంటుంది) మార్చి, ఆ తర్వాత యాప్‌లో ప్రోగ్రామ్ గైడ్‌ను, అంటే కార్యక్రమాల సమయ పట్టికను, రిఫ్రెష్ చేస్తే చాలా సందర్భాల్లో సమయాలు సరిపోతాయి. గైడ్ సమాచారం సాధారణంగా అంతర్జాతీయ ప్రామాణిక సమయం అయిన యూటీసీలో వస్తుంది. దానికి మన 5 గంటల 30 నిమిషాలు కలిపి చూపించాల్సిన బాధ్యత యాప్‌దే కనుక, టైమ్‌జోన్ తప్పుగా ఉంటే లెక్క మొత్తం తప్పుతుంది. విదేశాల నుంచి బంధువులు తెచ్చిచ్చిన, టీవీకి తగిలించే స్ట్రీమింగ్ స్టిక్‌లలో అక్కడి టైమ్‌జోనే మిగిలిపోవడం మామూలే.

ఉదాహరణకు, తిరుపతిలోని ఒక ఇంట్లో సాయంత్రం 6 గంటల భక్తి కార్యక్రమం గైడ్‌లో మధ్యాహ్నం 12:30కి కనిపిస్తే, ఆ 5:30 కలవలేదని అర్థం. రాత్రి 11:30కి కనిపిస్తే రెండుసార్లు కలిసిందన్నమాట. అప్పుడు యాప్‌లోని గైడ్ టైమ్ ఆఫ్‌సెట్‌ను (గైడ్ సమయాలను ముందుకో వెనక్కో జరిపే సెట్టింగ్‌ను) సున్నా చేయాలి. కొన్ని యాప్‌లలో ఆఫ్‌సెట్ పూర్తి గంటల్లోనే మారుతుంది కాబట్టి, దానితోనే సర్దుబాటు చేస్తే ఎప్పుడూ అరగంట తేడా మిగిలిపోతుంది. ఒక్క ఛానల్‌కే తప్పు వస్తుంటే లోపం ఆ ఛానల్‌ గైడ్ సమాచారంలోనే ఉండవచ్చు.

నెట్ నెమ్మదిగా ఉండటమే దీనికి కారణమని చాలామంది అనుకుంటారు. నెట్ వల్ల ప్రసారం కాస్త ఆలస్యంగా రావచ్చు గానీ, గైడ్‌లో గంటల తేడా రాదు.